డిగ్రీ అయ్యాక ఊళ్లో సాయంత్రం బడి: జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఆగకుండా నడపడం ఎలా

డిగ్రీ పూర్తిచేసి డీఎస్సీకో, గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుకుంటూ ఇంటిపట్టున ఉన్నవాళ్లు దాదాపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఖాళీగా ఉన్న సాయంత్రాలు ఊరి పిల్లలకు నాలుగు అక్షరాలు చెబుదామని వాళ్లలో చాలామందికి ఉంటుంది. జూన్‌లో ఉత్సాహంగా మొదలుపెడతారు. దసరా సెలవుల తర్వాత తలుపు తెరుచుకోదు. ఓపిక చాలలేదని ఊరు అనుకుంటుంది, తామూ అలాగే అనుకుంటారు. అసలు తప్పు జూన్‌లోనే జరిగి ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా అన్ని తరగతులు, అన్ని సబ్జెక్టులు, పైగా స్పోకెన్ ఇంగ్లిష్. ఒక్క మనిషి మోయగలిగిన బరువు కాదది.

కాబట్టి ముందు పని తగ్గించుకోండి. 3, 4, 5 తరగతుల పిల్లలు మాత్రమే. తెలుగు ధారాళంగా చదవడం, అంకెలు, కూడికలు, తీసివేతలు మాత్రమే. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు. ఒక్కరే చెబుతుంటే 20 మంది పిల్లలు, తోడు ఇంకొకరుంటే 35 మంది. అంతకు మించి చేర్చుకోకండి, ఎవరు సిఫార్సు చేసినా సరే.

పదో తరగతి వాళ్లను తీసుకోమని ఊళ్లో ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోవద్దు. వాళ్లకు బడిలోనే ప్రత్యేక తరగతులు ఉంటాయి, ఫలితం ఒక్క పరీక్ష మీద తేలుతుంది, తప్పితే నింద మీ మీదకొస్తుంది. నాలుగో తరగతిలో చదవడం రాని పిల్లాడి గురించి మాత్రం ఎవరూ అడగరు. వాడు ఏడుకొచ్చేసరికి సైన్సు పాఠం కూడా చదవలేక వెనక బెంచీలో కూర్చుంటాడు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. తెలంగాణలో దాన్ని 2022 నుంచి తొలిమెట్టు పేరుతో బళ్లలో అమలు చేస్తున్నారు. అంటే మీరు చేయబోయేది బడి చేస్తున్న పనికి సాయమే, పోటీ కాదు. ఈ మాట హెడ్‌మాస్టరుతో మొదటి రోజే చెప్పండి.

చోటు, అనుమతి

చోటు ఎంచుకోవడంలో జరిగే పొరపాటును తర్వాత సరిదిద్దుకోవడం కష్టం. గుడి మండపం ఖాళీగా ఉంటుంది, కులసంఘం భవనానికి ఫ్యానుంటుంది, ఊరి పెద్ద తన అరుగు ఇస్తానంటాడు. అక్కడ పెడితే ఎస్సీ కాలనీ పిల్లలు, తండా పిల్లలు రారు. వచ్చినా నాలుగు రోజుల్లో మానేస్తారు. ఎందుకు రావట్లేదని అడిగితే కారణం కూడా చెప్పరు. అందరికీ హక్కున్న చోటే కావాలి. బడి వరండా అన్నిటికంటే మేలు. తర్వాత పంచాయతీ కార్యాలయం, ఆ తర్వాత అంగన్‌వాడీ. కాలనీ ఊరికి దూరంగా ఉంటే బడిని కాలనీలోనే పెట్టి ఊరి పిల్లల్ని అక్కడికి పిలవండి. ఎంతమంది వస్తారో చూస్తే ఊరి సంగతి మీకే తెలుస్తుంది.

అనుమతి నోటి మాటగా తీసుకోవద్దు. హెడ్‌మాస్టరుకు, సర్పంచికి ఒక్కో పేజీ దరఖాస్తు రాయండి. ఏ రోజులు, ఏ వేళలు, ఏ తరగతులు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు వాడకం ఎంత అన్నవి అందులో ఉండాలి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. హెడ్‌మాస్టరు బదిలీ అయినా, పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి మారినా ఆ కాగితమే మిమ్మల్ని నిలబెడుతుంది. ఎన్నికల ఏడాది అయితే ఇంకో జాగ్రత్త ఉంది. పలకలు పంచుతామనీ, ఫ్లెక్సీ కడతామనీ వచ్చేవాళ్లకు మర్యాదగా వద్దని చెప్పండి. ఒకరి ఫొటో వేలాడితే రెండో వర్గం పిల్లలు రారు.

కావలసిన సామాను

4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ ముక్కకు రెండు పూతలు నల్లరంగు వేస్తే బోర్డు సిద్ధం. తెల్ల సుద్దముక్కల డబ్బా, రంగు సుద్దముక్కల డబ్బా, కింద పరిచే నాలుగు పట్టాలు, 200 పేజీల రిజిస్టరు, చార్జింగ్ లైట్లు రెండు. లెక్కలు నేర్పడానికి చీపురుపుల్లలు కావాలి. అంగుళం ముక్కలైతే పిల్లల చేతిలో జారిపోతాయి, వేలెడంత పొడవుగా 300 ముక్కలు కోయండి, వాటికి తగినన్ని రబ్బరు బ్యాండ్లు. అక్షరాల కార్డులకు బజారుకెళ్లనక్కర్లేదు. పాత శుభలేఖలు ప్రతి ఇంట్లో ఉంటాయి, అట్ట గట్టిది, వెనక ఖాళీగా ఉంటుంది. 150 కార్డులు ఒక ఆదివారంలో తయారవుతాయి. స్కెచ్ పెన్నుతో అక్షరం రెండంగుళాలకు తగ్గకుండా రాయండి.

పిల్లల కథల పుస్తకాలు ఒక ఇరవై ఉంటే చాలు. ఒక్కో పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అచ్చు, బొమ్మ ఉన్నవే తీసుకోండి. దాతలు ఇచ్చే పాత గైడ్లు, ఎంసెట్ పుస్తకాలు ఇక్కడ పనికిరావు.

మొదటి వారం: పాఠం చెప్పకండి, పరీక్షించండి

పిల్లల్ని తరగతి ప్రకారం కాక, వాళ్లకు ఎంత వచ్చో దాన్నిబట్టి కూర్చోబెట్టాలి. ఎంత వచ్చో తెలుసుకోవడానికి, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేల్లో ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి వాడుతున్న పద్ధతి ఉంది. ఒక్కో పిల్లను విడిగా పిలిచి నాలుగైదు నిమిషాలు చదివించి చూస్తారు. తెలుగు లిపికి వత్తులు పెద్ద గండం కాబట్టి దానికి ఒక మెట్టు విడిగా పెట్టుకుంటే మేలు.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. ముందు విడి అక్షరాలు ఐదు. తర్వాత వత్తుల్లేని పదాలు ఐదు: పలక, బావి, మేక, గూడు, కోతి. తర్వాత వత్తులున్నవి ఐదు: అన్నం, చెట్టు, గుర్రం, పిల్లి, ముక్కు. తర్వాత నాలుగు చిన్న వాక్యాల పేరా. చివర ఎనిమిది పది వాక్యాల కథ. ఐదింటిలో నాలుగు సరిగా చదివితే ఆ మెట్టు వచ్చినట్టే. పేరాలో మూడు తప్పుల దాకా పరవాలేదు గానీ, పదం పదం విడగొట్టి కాక వాక్యంలా చదవాలి.

పాఠ్యపుస్తకంలోని పాఠం పెట్టి పరీక్షించకండి. కంఠతా వచ్చిన పాఠాన్ని వేలు పెట్టుకుని గడగడా అప్పజెప్పే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. అదే పేజీలో మధ్యనున్న ఒక పదం మీద వేలు పెట్టి అడిగితే తెలిసిపోతుంది.

లెక్కలకూ ఇంతే. 9 లోపు అంకెలు, 99 లోపు సంఖ్యలు గుర్తుపట్టడం, అప్పు తీసుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఫలితాన్ని పేరు పక్కన తేదీతో రిజిస్టరులో రాయండి. ఈ పేజీ ఏప్రిల్లో మళ్లీ కావాలి.

ఐదో తరగతి పిల్లవాణ్ణి మూడో తరగతి వాళ్లతో అక్షరాల గుంపులో కూర్చోబెడితే సిగ్గుపడి మానేస్తాడు. గుంపులకు మెట్ల పేర్లు పెట్టకండి. గోదావరి, కృష్ణ, మంజీర, నాగావళి అనండి. పెద్ద పిల్లవాడికి కార్డులు పంచే పని అప్పగించండి, పెత్తనం ఉంటే కూర్చుంటాడు.

గంటన్నర ఎలా గడవాలి

మొదటి 10 నిమిషాలు మీరు కథ పైకి చదవాలి. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఈలోపు చేరతారు, కథ పోతుందని త్వరగా రావడమూ మొదలుపెడతారు. తర్వాత 35 నిమిషాలు గుంపులుగా చదవడం, 30 నిమిషాలు లెక్కలు, చివరి 15 నిమిషాలు హోంవర్కు. హోంవర్కు ముందు పెడితే సాయంత్రమంతా అదే మింగేస్తుంది. తల్లిదండ్రులు అడిగేది అదేననీ, చూపించుకోవడానికి బాగుంటుందనీ చాలాచోట్ల ముందు పెట్టేస్తారు. చదవడం రాని పిల్ల ప్రశ్నలకు జవాబులు చూసి ఎక్కించుకోవడం తప్ప ఏం చేస్తుంది?

అక్షరాల గుంపుకు వర్ణమాల వరుసలో మొదటినుంచి చెప్పుకుంటూ పోవద్దు. ఋ, ౠ, ఙ, ఞ లాంటివి చదువులో చాలా అరుదు, వాటిమీద వారాలు పోతాయి. ముందు తరచుగా వచ్చేవి: ప, ల, క, మ, న, ర, త, వ, గ, ద, చ, బ. రోజుకు రెండు అక్షరాలు, వాటితో వెంటనే పదాలు. పల, వల, కల, తల, పలక, నగ, గద. రూపంలో దగ్గరగా ఉండే ప–వ–ష, మ–య, న–స, ద–డ జంటల్ని ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక వారం ఆగి రెండోది చెప్పి, అప్పుడు పక్కపక్కన పెట్టి తేడా చూపించండి.

గుణింతం అందరికీ పాటలా వస్తుంది. క కా కి కీ అని దడదడా చదివేస్తారు. ‘కొ’ ఒక్కటీ చూపిస్తే మళ్లీ క నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. అందుకే వరుస చెరిపేయాలి. ఒకే గుర్తును పది హల్లులకు పెట్టి చదివించండి: కి, లి, ని, రి, తి, గి. రెండు మూడు రోజులకొక గుర్తు. మామూలు పద్ధతికి లొంగని మి, యి, మొ, యొ, హా వంటి వాటిని చివర విడిగా చెప్పాలి.

ఇక వత్తులు. ఎక్కువ హల్లులకు వత్తు, ఆ అక్షరం తలకట్టు తీసేసినట్టే ఉంటుంది, చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ఏడుకే ఇబ్బంది: క, త, న, మ, య, ర, ల. వీటి వత్తులకూ అక్షరాలకూ పోలికే ఉండదు. అదృష్టం కొద్దీ ఈ ఏడూ ఇంట్లో మాటల్లోనే ఉన్నాయి. అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఈ ఏడు మాటలూ గోడమీద పెద్ద చార్టుగా అంటించి, నెలరోజులు అక్కడే ఉంచండి. చదువుతూ ఆగిపోయినప్పుడు జవాబు మీరు చెప్పకండి, గోడవైపు చెయ్యి చూపించండి. ఇలా అదే అక్షరం వత్తు పడే ద్విత్వాలు పూర్తయ్యాకే, వేరే అక్షరం వత్తు పడే సంయుక్తాలు: పుస్తకం, చంద్రుడు, సూర్యుడు.

లెక్కల్లో కనిపించే తప్పు దాదాపు అన్ని ఊళ్లలో ఒకటే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీస్తారు. ‘పక్కింట్లో అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా అది మాటగానే ఉంటుంది. పుల్లలు పట్టించండి. పదేసి కట్టిన ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. 27 ఇవ్వమని అడగండి. విడి పుల్లలు చాలకపోయేసరికి వాళ్లే ఒక కట్ట రబ్బరు విప్పుతారు. విప్పాక 4 కట్టలు, 12 పుల్లలు అని నోటితో చెప్పించి, అప్పుడు పలకమీద 5 కొట్టేసి 4 రాయించాలి. వారంపాటు పుల్లలు, పలక రెండూ కలిపి. తర్వాత పుల్లలు తీసేయండి. సున్నా ఉన్న 403 – 158 లాంటివి ఆ తర్వాతి నెల పని.

పిల్లల భద్రత

ఒక పెద్ద మనిషి ఒక్కడే పిల్లలతో మూసిన గదిలో ఉండకూడదు. తలుపులు తెరిచే ఉండాలి, రెండో మనిషి కనుచూపు మేరలో ఉండాలి. ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు సాయంగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువమంది వస్తారు. నవంబరు, డిసెంబరుల్లో త్వరగా చీకటి పడుతుంది, అరగంట ముందే మొదలుపెట్టి ముందే వదిలేయండి. వీధుల వారీగా గుంపులు కట్టించి పంపించండి. కొట్టడం అస్సలు ఉండకూడదు. తల్లిదండ్రులే ‘నాలుగు తగిలించండి సార్’ అంటారు, అయినా సరే. పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టే అలవాటు మానుకోండి. ఏ బిడ్డ ఒంటిమీదైనా దెబ్బలు చూసినా, పెళ్లి మాట విన్నా, పనిలో పెట్టారని తెలిసినా 1098కి ఫోన్ చేయొచ్చు. మీరు పంచాయితీ పెట్టి తేల్చే విషయాలు కావవి.

హాజరు ఎక్కడ పడిపోతుంది

మొదటిసారి మూడో వారంలో. కొత్త పోయి ఆట గుర్తొస్తుంది. వారంలో ఒక రోజును ఆటకూ పాటకూ వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండోసారి పత్తి తీతలప్పుడు. మిరప ఊళ్లలో అది జనవరి తర్వాత వస్తుంది. తల్లులు కూలికెళితే పెద్దపిల్ల తమ్ముణ్ణి చూసుకోవాలి, బియ్యం కడగాలి. తమ్ముణ్ణి తీసుకునే రమ్మనండి, మూలన నాలుగు పుల్లలు ఇచ్చి కూర్చోబెట్టండి. ఇల్లు కదలలేనప్పుడు ఒక కథల పుస్తకం పంపండి. పాలమూరులాంటి చోట్ల కుటుంబమే వలస పోతుంది, పిల్లను బంధువుల ఇంట్లోనో హాస్టల్లోనో ఉంచే వీలుందేమో దసరాకు ముందే మాట్లాడాలి. బయల్దేరిన రోజు మాట్లాడితే లాభం లేదు. మూడోసారి సంక్రాంతి సెలవుల తర్వాత. పండగ మర్నాడే బడి తెరిచి ఉంచండి, ఇద్దరే వచ్చినా సరే.

మూడు రోజులు వరసగా రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు వెళ్లాలి. కారణం అడగడానికి కాదు, పుస్తకం ఇచ్చి రావడానికి. నిలదీసినట్టుంటే తల్లి అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

మీ చదువు, మీ ఇల్లు

‘ఉద్యోగం సద్యోగం లేదు, పిల్లల్ని ఆడిస్తున్నాడు’ అనే మాట ఇంట్లోంచే మొదలవుతుంది. దానికి వాదన పనిచేయదు, గడువు పనిచేస్తుంది. ‘ఏప్రిల్ దాకా, రోజుకు గంటన్నర’ అని చెప్పి, ఆ గీత దాటకండి. పొద్దున మీ చదువు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది కూడా అలాగే తేల్చుకోండి. బడి పేరుతో పగలంతా పంచాయతీ పనులు, పింఛను కాగితాలు, ఊరి జెండా పండగ ఏర్పాట్లు మీ నెత్తినే పడతాయి. చదువుకున్న కుర్రాడు దొరికితే ఊరు వదలదు.

సప్లీలు మిగిలి ఉంటే బడికి ముందు వాటి సంగతి చూడండి. మీ పరీక్షలున్న నెలలో ఇద్దరు ఇంటర్ పిల్లలకు రెండు వారాల పాఠాలు ముందే రాసిపెట్టి అప్పగించాలి. కొత్త పాఠం వద్దు, చదివిన కథలు మళ్లీ చదివించడం, పుల్లల లెక్కలు చేయించడం చాలు. మూసేసి మళ్లీ తెరవడం కంటే సగం బడి నడవడం నయం. ఫలితాల్లో మీ పేరు లేని రోజు వస్తే ఒక్క సాయంత్రం సెలవు తీసుకోండి, మర్నాడు వెళ్లండి. వారం మానేస్తే తిరిగి ముఖం చూపించడమే పెద్ద పని అవుతుంది.

పిల్లలకు చెప్పడమే నచ్చి అదే వృత్తిగా తీసుకోవాలనుకుంటే ఒక విషయం తెలిసి ఉండాలి. ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది. చిన్న పిల్లలకు చెప్పాలంటే డీఈడీ దారి, హైస్కూలుకైతే బీఈడీ దారి. ఈ తేడా చూసుకోకుండా రెండేళ్లు పోగొట్టుకోవద్దు.

దరఖాస్తుల పని

చదువు చెప్పడం కంటే, ఊరి పిల్లల చేత ఉపకార వేతనాలకూ, ప్రవేశ పరీక్షలకూ దరఖాస్తు చేయించడమే ఎక్కువ మేలు చేసే ఊళ్లు ఉన్నాయి. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బళ్లలో 8వ తరగతి చదివేవాళ్లకు జాతీయ ఉపకార వేతన పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ ఉంది. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, 7వ తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. నవోదయ 6వ తరగతి ప్రవేశానికి 5వ తరగతి పిల్లలు రాస్తారు. 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. గురుకులాల 5వ తరగతి ప్రవేశానికి 4వ తరగతి పిల్లలు అర్హులు.

వీటిలో తెలివితక్కువ వల్ల పోయేవి కొన్నే, కాగితాల వల్ల పోయేవి చాలా. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రిజిస్టరులో ఒకలా ఉంటుంది. పుట్టినతేదీ కలవదు. ఆదాయ ధ్రువపత్రం గడువు చివరి రోజు గుర్తొస్తుంది. జులైలోనే ప్రతి పిల్ల కాగితాలూ ఒకసారి చూసి, తేడాలున్న పేర్ల జాబితా చేయండి. తెలంగాణలో మీసేవకు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయానికి తల్లిదండ్రుల్ని ఒకే రోజు నలుగురైదుగురిగా కలిపి తీసుకెళ్లండి. ఒక్కొక్కరుగా అయితే కూలి పోతుందని వాయిదా వేస్తారు.

ఏప్రిల్లో

జూన్ నాటి కాగితంతో కాక, అదే స్థాయి కొత్త పదాలతో, కొత్త పేరాతో మళ్లీ పరీక్షించండి. వీలైతే బడి టీచరు చేత చేయించండి, మన పిల్లలని మనం కాస్త మెత్తగా చూస్తాం. రెండు తేదీల ఫలితాలు పక్కపక్కన రాసిన పట్టిక ఒకటి హెడ్‌మాస్టరుకు, ఒకటి పంచాయతీకి ఇవ్వండి. మీ బయోడేటాలో ‘సమాజ సేవ’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎంతమంది పిల్లలు, ఎన్ని నెలలు, ఎంతమంది అక్షరాల నుంచి కథ దాకా వచ్చారు అని రాసి హెడ్‌మాస్టరు సంతకమున్న కాగితం జతచేస్తే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు.

అన్నీ చేసినా ముగ్గురు నలుగురు అక్షరాల దగ్గరే ఉండిపోతారు. ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు కనబడక, మాట సరిగా వినబడక వెనకబడ్డవాళ్లు వాళ్లలో తప్పకుండా ఉంటారు, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షకు డబ్బు అక్కర్లేదు. మిగిలినవాళ్ల పేర్లు, ఎక్కడ ఆగుతున్నారో వివరంగా రాసి, వేసవి సెలవుల తర్వాత బళ్లు తెరిచేలోపు క్లాస్ టీచరుకు అందించండి. వచ్చే జూన్‌లో మీరు ఊళ్లో లేకపోతే తాళంచెవి, రిజిస్టరు, కార్డుల పెట్టె ఎవరికివ్వాలో మార్చిలోనే తేల్చి, చివరి నెల వాళ్లచేతే పాఠం చెప్పించండి.